"పుస్తకంలో ఇలా లేదు" అని ఎప్పుడు అనాలి?

ముందు ఉత్తరం. పెద్దది, కాస్త కుదించి ఇస్తున్నాను.

"నాకు 31 ఏళ్లు. మియాపూర్‌లో ఉంటాను, ఆఫీసు రాయదుర్గంలో. మెట్రోలో వెళ్తూ వస్తూ 'ది త్రీ బాడీ ప్రాబ్లమ్' అనే చైనా సైన్స్ ఫిక్షన్ నవల, దాని తర్వాతి రెండు భాగాలూ ఇంగ్లిషులో చదివాను. నా జీవితంలో అంత ఇష్టంగా చదివిన పుస్తకాలు లేవు. మా తమ్ముడు పుణెలో ఉద్యోగం చేస్తాడు, వాడికి చదివే అలవాటు లేదు. చిన్నప్పుడు కరెంటు పోతే కొవ్వొత్తి దగ్గర కూర్చుని చందమామలో బేతాళ కథలు వాడికి నేనే చదివి వినిపించేదాన్ని. చివర్లో బేతాళుడి ప్రశ్న దగ్గర ఆపి, నువ్వు చెప్పు అనేదాన్ని. మొన్న సంక్రాంతికి వాడు ఇంటికొస్తే ఇద్దరం కూర్చుని ఆ నవల మీద తీసిన నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మొదలుపెట్టాం. వాడికి పిచ్చిగా నచ్చింది. నాకు సీనుసీనుకీ ముల్లు గుచ్చుకున్నట్టుంది. ఊరుకోలేక ఎక్కడెక్కడ మార్చారో చెబుతూ పోయాను. జబ్బుపడ్డ విల్‌కి ముందు ముందు ఏమవుతుందో కూడా చెప్పేశాను. ఐదో ఎపిసోడ్‌లో ఓడ సీన్ అయ్యాక, 'పుస్తకంలో ఇలా లేదు, ఆ నానో తీగ చేసేది మగవాడు, ఈ ఏడుపులేవీ ఉండవు' అన్నాను. వాడు టీవీ కట్టేసి, 'అక్కా, నువ్వు సిరీస్ చూడట్లేదు, పేపర్లు దిద్దుతున్నావు' అని లేచిపోయాడు. మిగతా మూడు ఎపిసోడ్లు పుణె వెళ్లి ఒక్కడే చూశాడని అమ్మ చెప్పింది. ఇష్టమైన పుస్తకాన్ని పాడుచేస్తే కోపం రాకూడదా? నోరు మూసుకుని చూడాలా? పుస్తకం కొని పంపితే చదువుతాడా?"

మియాపూర్ అక్కగారికి,

కోపం రావచ్చు. అందులో తప్పేమీ లేదు. అమీర్‌పేటలో రైలు మారుతూ, సీటు దొరకని రోజు నిలబడి ఒక చేత్తో కడ్డీ, ఒక చేత్తో పుస్తకం పట్టుకుని చదువుకున్నారు. ఆ మనుషులకి ముఖాలు మీరే పెట్టుకున్నారు, గొంతులు మీరే ఇచ్చారు. ఎవరో వచ్చి ఆ ముఖాలన్నీ తీసేసి, ఆక్స్‌ఫర్డ్‌లో కలిసి చదువుకున్న ఐదుగురు స్నేహితుల్ని తెచ్చి ఇదే ఆ కథ అంటే ఒళ్లు మండుతుంది. నాకూ మండింది. 2024 మార్చిలో ఆ ఎనిమిది ఎపిసోడ్లూ వచ్చిన వారమే చూశాను, మొదటి రెండూ చూస్తున్నంతసేపూ పుస్తకంలో ఆ నానో తీగ తయారుచేసే వాంగ్ మియావో ఎక్కడ, వాంగ్ మియావో ఎక్కడ అని వెతుక్కుంటూనే ఉన్నాను.

ఎందుకంటే పుస్తకంలో భయం ఆ మనిషి ద్వారానే మనలోకి వస్తుంది. వాంగ్ మియావోకి ఫొటోలు తీయడం సరదా. ఫిల్మ్ కడిగి చూసుకుంటే ప్రతి ఫొటోలోనూ ఏవో అంకెలు, అవి తగ్గుతూ పోతున్నాయి. కెమెరా పాడైందేమో అని భార్యకిస్తాడు, కొడుక్కిస్తాడు, వాళ్లు తీసిన ఫొటోల్లో ఏమీ ఉండవు, మళ్లీ తను తీస్తే ఉంటాయి. ఇంట్లో ముగ్గురు మనుషులు, ఒకే కెమెరా, ఒక్కడికి మాత్రమే కనిపించే అంకెలు. ఆ పేజీలు రాత్రి పదకొండింటికి చదివాను, లేచి హాల్లో లైటు వేసి వచ్చి మిగతాది చదివాను. సిరీస్‌లో అతని స్థానంలో ఆగీ అనే అమ్మాయిని పెట్టారు, ఆ అంకెలు ఆమె కళ్లముందు గాల్లో మెరుస్తూ వచ్చేస్తాయి. చూడ్డానికి బాగుంది. కానీ కెమెరా చేతులు మారడంలో ఉన్న ఆ నెమ్మది, నా ఒక్కడికే ఎందుకు అన్న ఆ దిగులు అందులో రాలేదు.

సైనికుల కంప్యూటర్ దగ్గర కూడా నేను మీ పక్షమే. పుస్తకంలో ఒక వీడియో గేమ్ లోపల, చైనా చక్రవర్తి చిన్ షి హువాంగ్ ముందు న్యూటన్, గణిత శాస్త్రజ్ఞుడు వాన్ నాయ్‌మన్ నిలబడి మూడు కోట్ల మంది సైనికుల్ని ఒక కంప్యూటర్‌గా నిలబెడతారు. మనసుకి పట్టేది మూడు కోట్లన్న అంకె కంటే ముందు, ముగ్గురితో మొదలుపెట్టడం. ఒక్కొక్కరి చేతికీ తెల్ల జెండాలు, నల్ల జెండాలు. తెలుపంటే సున్నా, నలుపంటే ఒకటి. ఎదుటి ఇద్దరూ నల్లది ఎత్తితేనే మూడోవాడు నల్లది ఎత్తాలి, లేకపోతే తెల్లదే. అంతే, అతను లెక్క నేర్చుకోనక్కర్లేదు, ఎదుటివాళ్ల చేతులు చూస్తే చాలు. ఇంజనీరింగ్‌లో లాజిక్ గేట్లు బట్టీపట్టి పరీక్ష రాసి మర్చిపోయినవాళ్లు ఎంతమంది ఉంటారో, వాళ్లందరికీ అక్కడ ఒక్కసారిగా వెలుగు వస్తుంది. సిరీస్‌లో దాన్ని కుబ్లాయ్ ఖాన్ దగ్గరికి మార్చారు, సరే, మార్చుకోనివ్వండి, కానీ ఆ ముగ్గురు సైనికుల దగ్గర ఆగలేదు. గ్రాఫిక్స్‌లో జనసముద్రం చూపించి ముందుకెళ్లిపోయారు. నాకు అది నిజంగా నష్టం అనిపించింది.

ఇంతవరకూ మీతోనే ఉన్నాను. "అసలు కథ ఇది కాదు" అన్న మాట దగ్గర మాత్రం మీరు కాస్త ఆగాలి.

మీరు చదివిన ఇంగ్లిషు పుస్తకం ఎలా మొదలవుతుంది? 1967, చైనాలో సాంస్కృతిక విప్లవం, వేదిక మీద ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని నిలబెట్టి కొడుతుంటారు, కట్టుకున్న భార్యే ఆయనకి వ్యతిరేకంగా మాట్లాడుతుంది, కింద గుంపులో కూతురు యె వెన్‌జియె నిలబడి చూస్తూ ఉంటుంది. ఆ మొదటి అధ్యాయం చదివినవాళ్లు ఆ పిల్లని మర్చిపోలేరు. మరి 2008లో చైనాలో అచ్చయిన పుస్తకం అలా మొదలవదు. రచయిత లియు సిషిన్ దాన్ని మొదట్లోనే పెట్టాలనుకున్నారు. ప్రచురణకర్తలు ప్రభుత్వంతో ఇబ్బంది వస్తుందేమో అని జంకితే ఆ భాగం పుస్తకం నడిమధ్యకి వెళ్లింది. 2014లో ఇంగ్లిషులోకి తెచ్చిన కెన్ లియు, రచయిత ఒప్పుకోలుతోనే దాన్ని మళ్లీ ముందుకు తెచ్చారు. 2015లో సైన్స్ ఫిక్షన్‌కి ఇచ్చే హ్యూగో అవార్డు వచ్చింది ఆ ఇంగ్లిషు పుస్తకానికే, అనువాద నవలకి ఆ బహుమతి రావడం అదే మొదటిసారి. అంటే కొన్నేళ్లపాటు చైనాలో లక్షలమంది చదివిన వరస ఒకటి, మీరు మెట్రోలో చదివిన వరస మరొకటి.

ఇంకో సంగతి. 2023లో టెన్సెంట్ కంపెనీవాళ్లు చైనాలోనే ఈ నవలని 30 ఎపిసోడ్ల సిరీస్‌గా తీశారు. అందులో వాంగ్ మియావో ఉన్నాడు, కెమెరా ఉంది, పుస్తకం పక్కన పెట్టుకుని సరిచూసుకోవచ్చు, అంత దగ్గరగా వెళ్తుంది. మీరు తప్పకుండా చూడండి, ఆ ఫొటోల భాగం మీకు నచ్చుతుందని నా గట్టి నమ్మకం. కానీ తండ్రిని వేదిక మీద కొట్టే ఆ దృశ్యం అందులో దాదాపు లేదు. మీరు తిట్టుకుంటున్న నెట్‌ఫ్లిక్స్ సిరీస్ మొదలయ్యేదే దానితో. పుస్తకానికి కట్టుబడి తీసినవాళ్లు దాని గుండెకాయని పక్కన పెట్టాల్సి వచ్చింది, ఇష్టమొచ్చినట్టు మార్చినవాళ్లు దాన్ని ఉన్నదున్నట్టు చూపించారు. ఇప్పుడు చెప్పండి, ఈ రెంటిలో ఏది పుస్తకానికి న్యాయం చేసింది? నేను చాలాసార్లు ఆలోచించాను, ఒక్క మాటలో తేల్చలేకపోయాను.

మీ ఉత్తరంలో చందమామ మాట రాగానే నేను చదవడం ఆపి కాసేపు కూర్చున్నాను. సంస్కృతంలో ఉన్న బేతాళ కథలు పాతిక. చందమామలో దశాబ్దాలపాటు నెలనెలా వచ్చినవి కొన్ని వందలు. చెట్టు మీది శవం, భుజాన వేసుకున్న రాజు, మౌనం, చివర్లో ప్రశ్న, ఆ చట్రం మాత్రమే పాతది, లోపలి కథలన్నీ మన రచయితలు కొత్తగా అల్లినవి. కొవ్వొత్తి వెలుగులో మీరు మీ తమ్ముడికి చదివినవి చాలావరకు "పుస్తకంలో లేని" కథలే అయివుంటాయి. శంకర్ గారి బొమ్మలో కత్తి దూసి నడిచే విక్రమార్కుణ్ని చూసి, ఇది మూలంలో ఉందా అని మీ ఇద్దరిలో ఎవరూ అడిగి ఉండరు.

దీనర్థం ప్రతి మార్పూ మంచిదే అని కాదు. నాకు బాగా తగిలిన దెబ్బ గేమ్ ఆఫ్ థ్రోన్స్. ఐదో నవల 2011లో వచ్చింది, ఆరోది ఎదురుచూపుల్లోనే ఉండిపోయింది, సిరీస్ పుస్తకాల్ని దాటి ముందుకు పరుగెత్తింది, ఎనిమిదో సీజన్‌ని ఆరు ఎపిసోడ్లలో ముగించేశారు. ఏళ్ల తరబడి కట్టుకుంటూ వచ్చిన మనుషుల్ని తొందరలో తోసేశారనే ఇప్పటికీ అంటాను. చివరి ఎపిసోడ్ మనకి 2019 మే 20, సోమవారం పొద్దున ఆరున్నరకి వచ్చింది. ఇంజనీరింగ్ అయిపోయి ఖాళీగా ఉన్న నా మేనకోడలు ముందురోజు రాత్రే మా ఇంటికొచ్చి పడుకుంది. ఆరింటికే లేచి కాఫీ పెట్టుకుని ఇద్దరం సోఫాలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాం. అయిపోగానే నేను లేచి నిలబడి ఎక్కడెక్కడ చెడగొట్టారో మొదలుపెట్టాను, ఐదు పుస్తకాలూ చదివినదాన్ని కదా, చాలా దొరికాయి. కాసేపటికి చూస్తే పిల్ల పక్కన లేదు. వంటింట్లో కాఫీ గ్లాసులు కడుగుతూ కుళాయి వదిలేసి ఏడుస్తోంది. దానికి ఇంటర్ రోజుల నుంచీ ఆ కథలోని రాణి డెనేరిస్ అంటే ప్రాణం. ఆ పొద్దున దానికి కావాల్సింది నా విశ్లేషణ కాదు. నేను చెప్పినవి తప్పుడు మాటలని ఇప్పటికీ అనుకోను. ఆ పది నిమిషాలు ఆగి ఉంటే బాగుండేది.

మీ ఓడ సీన్ దగ్గరికి వస్తాను, ఎందుకంటే గొడవ అక్కడే జరిగింది, అక్కడ మీ తమ్ముడు ఏం చూశాడో మీరు గమనించలేదనుకుంటున్నాను.

పనామా కాలువలో అటూ ఇటూ కంటికి కనపడని తీగలు కడతారు, ఓడ వాటి మధ్యగా వెళ్తూ లోపలి మనుషులతో సహా ముక్కలైపోతుంది. పుస్తకంలో అది ఒక పథకం. ఎలా చేయాలో డా షి అనే పోలీసు తట్టిలేపినట్టు చెబుతాడు, మిగతావాళ్లు లెక్కలు వేస్తారు, అమలు చేస్తారు. ఇంజనీరు రాసిన రిపోర్టులా చల్లగా సాగుతుంది, ఆ చల్లదనంలోనే దాని భయమూ ఉంది, ఒప్పుకుంటాను. సిరీస్ ఏం చేసిందంటే ఆ ఓడలో పిల్లల్ని చూపించింది. తీగ తయారుచేసిన ఆగీని ఒడ్డున నిలబెట్టింది. తను మంచినీళ్లకీ, మందులకీ పనికొస్తుందనుకున్న వస్తువు మనుషుల మీద నుంచి వెళ్లడం ఆమె చూస్తుంది. మీరు "ఏడుపులు" అన్నవి అవే. పుస్తకం వేగంగా దాటేసిన చోట సిరీస్ నిలబడి, ఇది చేసినవాళ్లు రాత్రికి ఎలా నిద్రపోతారు అని అడిగింది. నా మట్టుకు నాకు ఆ ఒక్క సీన్ పుస్తకంలో కంటే సిరీస్‌లోనే ఎక్కువ గుచ్చుకుంది. మీకు అలా అనిపించనక్కర్లేదు. కానీ అది చూసిన నిమిషానికి పాతికేళ్ల కుర్రాడి గొంతులో ఏదో అడ్డుపడి ఉంటుంది, ఆ క్షణంలోనే పక్క నుంచి "పుస్తకంలో ఇలా లేదు" అని వినబడింది.

విల్ గురించి చెప్పేయడం మాత్రం తప్పే, మెత్తగా చెప్పడానికి కుదరదు. పైగా ఇక్కడ ఒక మెలిక ఉంది, మూడూ చదివిన మనలాంటి వాళ్లం అందులో సులువుగా పడిపోతాం. ఈ సిరీస్ మొదటి సీజన్ మొదటి పుస్తకంతో ఆగదు. ఆ ఐదుగురు స్నేహితుల్లో సాల్ కథ రెండో పుస్తకం నుంచి వచ్చింది, విల్ కథ మూడో పుస్తకం నుంచి. పేర్లు, దేశాలు మారాయి కాబట్టి మనం పోలికలు చెబుతున్నాం అనుకుంటాం. చూసేవాడికి మాత్రం అది ముందు జరగబోయేది చెప్పేయడమే. మీరు ఒక తేడా చెప్పిన ప్రతిసారీ వాడి చేతిలోంచి ఒక మలుపు జారిపోయింది.

మీరు మర్డర్‌బాట్ చదివారో లేదో తెలియదు. మార్తా వెల్స్ రాసిన చిన్న చిన్న నవలలు, మొదటిది 2017లో వచ్చింది, 2025లో ఆపిల్ టీవీలో పది ఎపిసోడ్ల సిరీస్‌గానూ వచ్చింది. తనని అదుపులో ఉంచే మీటని తనే తీసేసుకున్న ఒక సెక్యూరిటీ యంత్రం, ఇక ఎవరినైనా చంపొచ్చు, ఏమైనా చేయొచ్చు, అది మాత్రం కూర్చుని సీరియల్స్ చూస్తుంటుంది. రెండో పుస్తకంలో దానికి ఒక అంతరిక్ష నౌకతో పరిచయం అవుతుంది. ఆ నౌకకి ఉన్న తెలివి ముందు మర్డర్‌బాట్ తెలివి ఏ మూలకీ రాదు. అలాంటి నౌకకి కథలు ఒంటరిగా చూస్తే ఏమీ అర్థం కావు. మర్డర్‌బాట్ పక్కన ఉండి చూస్తూ, అది ఎక్కడ భయపడుతోంది, ఎక్కడ సంతోషపడుతోంది అన్నది గమనిస్తేనే నౌకకి కథ ఎక్కుతుంది. ఒక సీరియల్‌లో ముఖ్యమైన మనిషి చనిపోతే నౌక తట్టుకోలేకపోతుంది, చూడటం ఆపేసి అది తేరుకునే దాకా ఆగాల్సి వస్తుంది. ఆ నాలుగు పేజీలు నేను ఎన్నిసార్లు చదివానో. ఇద్దరు కలిసి చూడటం గురించి ఇంత బాగా రాసిన చోటు నాకు వేరే తగల్లేదు. మర్డర్‌బాట్ ఆ కథలన్నీ ముందే చూసేసింది, ఏమవుతుందో దానికి తెలుసు. తెలిసినా పక్కనవాళ్లు ఎలా తీసుకుంటున్నారో చూస్తూ కూర్చుంటుంది. సంక్రాంతికి మీరు కూర్చున్న చోటూ అదే.

నోరు మూసుకుని చూడాలా అని అడిగారు. అక్కర్లేదు. బేతాళుడిలా చూడండి. చిన్నప్పుడు మీరు చేసిందదే కదా, కథంతా మీకు తెలుసు, జవాబు కింది పేరాలోనే అచ్చయి ఉంది, అయినా ఆపి వాణ్ని అడిగేవారు, వాడు ఏం చెబుతాడో వినడం మీకు ఇష్టం కాబట్టి. ఓడ సీన్ అయ్యాక "ఆగీ స్థానంలో నువ్వుంటే ఆ తీగ ఇచ్చేవాడివా?" అని అడిగి ఉంటే ఆ రాత్రి మీరిద్దరూ రెండింటిదాకా మేలుకునేవాళ్లు. ఆ మాటల్లో ఎక్కడో "తెలుసా, పుస్తకంలో ఈ మనిషి మగవాడు, అసలు ఇలా ఆలోచించడే" అని మీరు చెప్పినా వాడికి అది దిద్దుబాటులా కాకుండా కొత్త సంగతిలా వినబడేది. మాట అదే, చెప్పే సమయం వేరు. ఎపిసోడ్ అయ్యేదాకా ఆగడం, ముందు వాణ్ని మాట్లాడనివ్వడం, ముందు జరగబోయేదాని జోలికి వెళ్లకపోవడం. ఈ మూడూ ఉంటే ఎంత కోపమైనా చెప్పుకోవచ్చు.

ఇప్పుడు ఫోన్ చేయండి. వాట్సాప్‌లో పొడుగాటి మెసేజ్ పెట్టొద్దు, అందులో మళ్లీ పుస్తకం గురించి మూడు పేరాలు దొర్లుతాయి. ఫోన్‌లో విల్ విషయం చెప్పేసినందుకు సారీ చెప్పి, చివరి మూడు ఎపిసోడ్లు ఎలా ఉన్నాయిరా అని అడగండి. మీరు ఇంకా చూడలేదు కాబట్టి ఇది ఉత్తుత్తి ప్రశ్న కూడా కాదు. ఈ ఒక్కసారి కథ వాడికి తెలుసు, మీకు తెలియదు. వాడు చెబుతుంటే పుస్తకం గుర్తొస్తుంది, రానివ్వండి.

తర్వాత ఇద్దరూ కలిసి ఏదైనా చూడాలనిపిస్తే, ఏ నవల ఆధారంగానూ తీయనిది ఎంచుకోండి. నేనైతే సెవెరెన్స్ అంటాను. 2022లో తొమ్మిది ఎపిసోడ్లు, 2025లో పది, అన్నీ టీవీ కోసమే రాసినవి. ఆఫీసు లిఫ్ట్ ఎక్కగానే ఇంటి జ్ఞాపకాలు పోతాయి, దిగగానే ఆఫీసు జ్ఞాపకాలు పోతాయి, ఒకే మనిషి రెండు ముక్కలు. రాయదుర్గంలో మీరు, పుణెలో వాడు, ఇద్దరూ సాయంత్రం లిఫ్ట్ దిగి వచ్చేవాళ్లే, మాట్లాడుకోవడానికి బోలెడు దొరుకుతుంది. ఫోన్ స్పీకర్‌లో పెట్టుకుని రెండు ఊళ్లలో ఒకేసారి ప్లే నొక్కండి. ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు, మీకు దిద్దడానికి పేపరే ఉండదు.

వాడు ఈసారి ఇంటికొచ్చినప్పుడు సైనికుల కంప్యూటర్ ఆడి చూడండి, సరదాకి చెప్పడం లేదు. మీరు, వాడు, అమ్మ, ముగ్గురు చాలు. ఒక్కొక్కరికి ఒక తెల్ల రుమాలు, ఒక నల్ల గుడ్డ. మీరూ వాడూ ఎదుట, అమ్మ మూడో సైనికురాలు. ఇద్దరూ నల్లది ఎత్తితేనే ఆవిడ నల్లది ఎత్తాలి. నాలుగైదుసార్లు ఆడాక, ఇలాంటివాళ్లు మూడు కోట్ల మంది ఒక మైదానంలో అని చెప్పి ఆపేయండి. ఆ మైదానంలో తర్వాత ఏమైందో చెప్పొద్దు.

పుస్తకం పంపాలా అన్నారు. పంపండి, కానీ కొత్తది కొనొద్దు. మెట్రోలో చదివిన ఆ ప్రతే పంపండి, పేజీల మూలలు మడిచినవి, పెన్సిల్‌తో గీతలు గీసినవి అలాగే ఉండనివ్వండి. "తప్పకుండా చదువు" అన్న చీటీ లోపల పెట్టొద్దు. వాడు చదవకపోయినా ఎప్పుడో ఒకసారి తిరగేస్తాడు, అక్క ఎక్కడ గీత గీసిందో చూస్తాడు. ఫొటోల్లో అంకెలు వచ్చే ఆ పేజీల దగ్గర గీత లేకపోతే మాత్రం, పార్సిల్ కట్టే ముందు ఒకటి గీయండి.